ముప్పై అడుగుల వాలు

పుదుచ్చేరి,
9 జూన్ 2025, సోమవారం.

శ్రీయుత కె. నటేశన్ గారికి, తమరితో ఆరేళ్ళుగా మాటల్లేని వి. వీరాసామి నమస్కారం చేసి రాయునది. ఇక్కడ నేను, లోగనాయకి, మేడ మీద ఆమె పెంచే ఐదు కోళ్ళు అందరం క్షేమం. అక్కడ విల్లియనూరులో నువ్వు, నీ కూతురు, అల్లుడు బాగున్నారని వచ్చిపోయేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు చక్రాల కుర్చీ వాడుతున్నావని కూడా చెప్పారు.

ఇంత మర్యాదగా మొదలుపెట్టాడే అని మురిసిపోకు. మర్యాద ఇక్కడితో సరి. ఒరేయ్ నటేశా, ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా నీ గొంతు వినగానే నాకు కోపం వస్తుంది. అందుకని ఉత్తరం. పైగా తెలుగులో రాస్తే మా ఇంట్లో ఎవరూ చదవలేరు, మీ ఇంట్లో నువ్వు తప్ప ఎవరూ చదవలేరు. లోగనాయకి పొద్దున లేచింది మొదలు తెలుగులోనే నన్ను తిడుతుంది గాని ఒక్క అక్షరం గుర్తుపట్టదు. ఉత్తరం బల్ల మీద పడేసి స్నానానికి పోయినా నాకు భయం లేదు.

సంగతేమిటంటే, పోయిన ఆదివారం మన తెలుగు సంఘం కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు రంగరాజన్ అన్న ఒక మాట ఎత్తాడు. మన పిల్లోళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సంఘం పెళ్ళి మండపం ముందర బోర్డు మీద ఏం రాసుండాదో చదవలేరు, విజయదశమి నుంచి ప్రతి ఆదివారం మండపంలో తెలుగు క్లాసు పెడదామా అన్నాడు. అందరూ సరే అన్నారు. నేర్పించేది ఎవరు అనేసరికి అందరూ నా వైపు తిరిగారు. ఆ అక్షరాలు తెలిసినవాళ్ళం మన వీధి మొత్తానికి ఇద్దరమే మిగిలాం. మీ తాత నీకు నేర్పాడు, నీ టైలరు కొట్టు బల్ల మీద నువ్వు నాకు నేర్పావు. నా రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. నటేశన్‌ని పిలవండి అన్నాను.

అప్పుడు పంకజం వదిన వెనకనుంచి, ఆయన మెట్లు యాడ ఎక్కుతాడు అని అడిగింది. దానికి రంగరాజన్ అన్న, అదేమంత పెద్ద పని, నలుగురు కుర్చీ పట్టుకుంటే పోలా అన్నాడు.

ఆ మాట నేనే ఎన్నిసార్లు అని ఉంటానో! ఇంకొకడి నోట వింటే ఒళ్ళు మండింది. ప్రతి ఆదివారం నలుగుర్ని యాడ తెస్తారు, మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేట్టు వాలు కట్టండి అన్నాను. ఆ పక్క ఖాళీ వంటపొయ్యిలకు కావాల, ఒక్కడి కోసం మండపం పగలగొట్టేది ఏంది అన్నారు. ఆ ఒక్కడు రాకుంటే మీ మనవళ్ళకు అ ఆలు మీ అమ్మమ్మ వచ్చి నేర్పిస్తుందా అని అరిచి బయటికి వచ్చేశాను. కోపంలో చెప్పులు కూడా అక్కడే మరిచిపోయాను.

మా అమ్మాయి విజి పెళ్ళి రోజు సంగతి ఎత్తకూడదనే కూర్చున్నాను. ఎత్తకుండా ఈ ఉత్తరం ముందుకు పోయేట్టు లేదు. చిన్నప్పుడు బడికి మోసినట్టే ఆ రోజు కూడా నిన్ను వీపు మీద ఎక్కించుకున్నాను. మూడో మెట్టు దగ్గర నా మోకాలు మడతపడింది. ఇద్దరం పడ్డాం. నీ పంచె పక్కకు పోయింది, ఆ వీడియోవాడు లైటు సరిగ్గా నీ మీదే వేశాడు. మళ్ళీ ఎత్తబోతే, నన్ను ముట్టుకోకు, నేను సిమెంటు మూటను కాను అన్నావు. వాలు కట్టుంటే నా మూడు చక్రాల బండిలో నా పాటికి నేను వచ్చేవాణ్ణి కదరా, మండపం కట్టిన మేస్త్రివి నువ్వే కదా, నీకు తోచలేదా అని అడిగావు. ప్లానులో లేదు, కమిటీ చెప్పినట్టు కట్టాను, నేనేం చేసేది అన్నాను. నువ్వు పెళ్ళి భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయావు. నా కూతురి పెళ్ళిలో, ఇన్నేళ్ళు మోసినవాణ్ణి పట్టుకుని అంత మాట అంటాడా అని నాకు రోషం. అలా ఆరేళ్ళు గడిచిపోయాయి.

సరే, కమిటీ వినకపోతే పైవాళ్ళకు చెబుదామని బయలుదేరాను. యాడ చెప్పాలో తెలిస్తే కదా! ఒక ఆఫీసులో, కట్టేదానికి మేము అనుమతి ఇస్తాం, కట్టనిదానికి మా దగ్గర కాగితం లేదు అన్నారు. రెండో చోట సర్కారు భవనాలైతేనే చూస్తాం అన్నారు. మూడో చోట, నడవలేని మనిషి యాడ అని అడిగారు. రాలేదు, ఆయన నాతో మాట్లాడడు అన్నాను. మరి మీకేం తక్కువ అని నన్ను కింద నుంచి పైదాకా చూశారు. తక్కువ నాకు కాదయ్యా, మండపానికి అన్నాను. నవ్వి పంపేశారు.

చివరికి దారి చూపింది మన వీధి మలుపులో ఉండే తిలగం. సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది, గుర్తుందా? నేను ఎండలో తిరిగి వస్తుంటే పిలిచి మజ్జిగ ఇచ్చి, ఊరంతా తిరిగేది ఏందికి అన్నా, నన్ను అడిగుంటే పోలా అంది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం ఒకటి వచ్చిందట. సర్కారు ఆఫీసులో పనిచేసేవాళ్ళకు మెట్లు అడ్డమైతే, ఆ ఆఫీసులోనే ఫిర్యాదు వినే అధికారి ఒకరు ఉండాలి. ఆయన దగ్గర రిజిస్టరు ఉండాలి. అందులో రాసిన రెండు వారాల్లోపల విచారించాలి. అక్కడ మనసుకు సరిపడకపోతే జిల్లా కమిటీకి పోవచ్చు. మన మండపం ప్రైవేటుదైనా జనం వచ్చిపోయే చోటు కాబట్టి దానికీ చట్టం ఉంది. దాని గురించి వికలాంగుల కమిషనర్‌కు రాయాలి. కాళ్ళున్నవాడు రాయకూడదని యాడా లేదన్నా, రాయి అంది.

రాత్రికి ఆగలేదు, అక్కడే కూర్చుని ఒక పేజీ రాశాను. తమిళంలో రాస్తే రెండో రోజుకే రంగరాజన్ అన్న చెవిన పడుతుందని తెలుగులో రాశాను. యానాం కూడా మన సర్కారుదే కదా, తెలుగు కాగితం తీసుకుంటారులే అంది తిలగం. నువ్వు నేర్పిన అక్షరాలతో, మన తెలుగు మండపానికి ఐదు మెట్లున్నాయని, నా స్నేహితుడు లోపలికి రాలేకపోతున్నాడని రాసి, ఇచ్చి, రసీదు తీసుకున్నాను. రసీదు లోగనాయకి బియ్యం డబ్బాలో దాచింది.

నీకు జవాబు రాయాలనిపించకపోతే రాయకు. చదివితే చాలు.

ఇట్లు,
మాటల్లేకపోయినా నీవాడే,
వి. వీరాసామి


పుదుచ్చేరి,
21 జూలై 2025, సోమవారం.

నటేశన్‌కు వీరాసామి రాయునది. నేను క్షేమం. నా పరువు మాత్రం అంత క్షేమంగా లేదు, అదే చెబుతాను.

ముందు నీ సంగతి. నా ఉత్తరాన్నే కవర్లో పెట్టి తిరిగి పంపావు. విప్పితే ఎర్ర సిరా! పదకొండు చోట్ల సున్నాలు చుట్టి, పక్కన సరైన అక్షరం రాసి పెట్టావు. కుశలం లేదు, జవాబు లేదు, కింద సంతకమైనా లేదు. వరండాలో కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఏందయ్యా ఒంటరిగా నవ్వుతాండావు, పిచ్చి పట్టిందా అని లోగనాయకి లోపలినుంచి వచ్చి చూసింది. నటేశన్ నన్ను తిట్టాడే అని చెప్పాను. అయితే మంచిదే అని లోపలికి పోయింది. ఆమెకు కూడా సంతోషమే, పైకి చెప్పదు.

ఇక నా పరువు. పోయిన మంగళవారం ఎవరో ఫోను చేసి, ఏవండీ, వీరాసామి గారాండీ అన్నారు. మాట చక్కెర పాకంలాగా సాగుతోంది. అవునన్నాను. మేం యానాం ఆఫీసు నుంచండీ, మూడు రోజులుగా మీ మండపం కోసం వెతుకుతున్నామండీ, మా ఊళ్ళో ఏడు మెట్లది ఒకటుంది గానండీ, ఐదు మెట్లది దొరకలేదండీ, ఏ వీధో కాస్త చెబుతారా అని అడిగారు.

ఫోను పట్టుకునే, రసీదుతో పాటు దాచిన కాగితం నకలు తీసి చూసుకుంటే, నేను ఊరి పేరే రాయలేదు! మన తెలుగు మండపం అని రాశాను, అంతే. మనకు ఉన్నది ఒకటే మండపం, ఇన్నేళ్ళుగా ఎవరడిగినా మన మండపం అనే చెప్పాం, అదెక్కడ అని అడిగినవాడు లేడు. కాగితం తెలుగు, మండపం తెలుగువాళ్ళది, ఊరి పేరు లేదు. చూసిన గుమాస్తా మాత్రం ఏం చేస్తాడు, యానాం సంచిలో వేశాడు. వాణ్ణి తిట్టడానికి నాకు ఒక్క సాకూ దొరకలేదు.

పుదుచ్చేరిలోనే ఉండాది సార్ అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. అక్కడ కూడా తెలుగువాళ్ళున్నారాండీ, ఎప్పుడు వెళ్ళారండీ అన్నాడు. మా తాతల తాతలు వచ్చుండారు, యాడనుంచో మాకే తెలీదు అన్నాను. మీ తెలుగు భలేగా ఉందండీ, ఇంకాస్త మాట్లాడండీ అని నవ్వాడు. నాకు కోపం రావలసింది గాని రాలేదు. పావుగంట మాట్లాడుకున్నాం. మంచి మనిషి.

అసలు సంగతి విను. మన మండపాన్ని వెతుకుతూ వాళ్ళు ఆ ఏడు మెట్ల మండపం దగ్గరికి పోయారు కదా, అక్కడా పక్కన వాలు లేదట. మీ కాగితం పుణ్యమా అని దానికీ నోటీసు పంపామండీ, వాళ్ళు కట్టడానికి ఒప్పుకున్నారండీ అన్నాడు. చూశావట్రా? మన ఊరు దాటి నువ్వు యానాం పోయింది లేదు, నేను పోయింది లేదు. నీ కోసం రాసిన కాగితంతో అక్కడెవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు లోపలికి పోతారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం కూడా రుచిగా ఉంది.

మళ్ళీ రాసి ఇచ్చాను. ఈసారి వీధి పేరు, తలుపు నంబరు, ఊరు, పిన్‌కోడు అన్నీ రాశాను. తిలగం మెట్ల ఫొటో తీసి అంటించింది. చట్టంలో ఏ భాషలో రాసినా ఊరి పేరు రాయాలన్నా అని ఎగతాళి చేసింది. వచ్చే నెల విచారణకు వస్తారట.

రంగరాజన్ అన్నకు తెలిసిపోయింది. వీధిలో ఎదురుపడితే తల తిప్పుకున్నాడు. మన మండపం మీద మనమే పితూరీ పెడతామా అని నలుగురిలో అన్నాడట. మనది కాబట్టే పెట్టాను, పక్కవాళ్ళదైతే నాకెందుకు?

ఈ ఉత్తరంలో తప్పులు తక్కువే ఉంటాయి. లెక్కపెట్టి పంపు.

ఇట్లు,
వి. వీరాసామి


పుదుచ్చేరి,
24 సెప్టెంబరు 2025, బుధవారం.

మిత్రుడు నటేశన్‌కు, వీరాసామి చాలా సంతోషంతో రాయునది. నవరాత్రి మొదలైంది. మా వీధిలో ఇంటింటా బొమ్మల కొలువు, ఇంటింటా శనగ గుగ్గిళ్ళ సుండలు. నా కడుపు తప్ప అంతా క్షేమం.

రెండో ఉత్తరం కూడా దిద్ది పంపావు, నాలుగే తప్పులు. కానీ అడుగున రెండు మాటలు రాశావు. వాలు ఎంత, అని. ఆరేళ్ళకు నువ్వు నాతో అన్న మొదటి మాట అది. ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇదిగో జవాబు: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఐదు మెట్లు కలిపి రెండున్నర అడుగుల ఎత్తు, కాబట్టి ముప్పై అడుగులు. కట్టేశాను!

మొదటినుంచి చెబుతాను. ఆగస్టులో కమిషనర్ ఆఫీసు నుంచి కయల్విళి అని ఒక ఆఫీసరమ్మ టేపు పట్టుకుని వచ్చింది. రంగరాజన్ అన్న పొయ్యిల సంగతి చెప్పాడు, స్థలం లేదన్నాడు, అడిగింది ఒక్క మనిషే అన్నాడు. ఆమె ఏమీ వాదించలేదు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో మెట్లు కష్టమైనవాళ్ళు ఇంకెవరైనా ఉండారా అని చుట్టూ చూసి అడిగింది. అప్పుడు పంకజం వదిన చెయ్యెత్తింది. రెండేళ్ళుగా నా మోకాళ్ళు మెట్లెక్కేదానికి రావడం లేదమ్మా, పెళ్ళిళ్ళకు వస్తే కింద చెప్పుల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, తాళి కట్టేది మేళం విని తెలుసుకుంటాండాను అంది. రంగరాజన్ అన్న ముఖం చూడాలి! ఆయన ఎప్పుడూ పైన ప్రెసిడెంటు కుర్చీలో ఉంటాడు, సొంత పెళ్ళాం కింద యాడ కూర్చుందో ఆయనకు తెలియదు. ఆ సాయంత్రమే పొయ్యిలు వెనక్కి జరిపించాడు. చట్టానికి మూడు నెలలు పట్టిన పనికి పంకజం వదినది ఒక్క మాట సరిపోయింది.

పోయేముందు కయల్విళి మేడం మండపం పాత ప్లాను అడిగింది. బీరువా మీదనుంచి దుమ్ము దులిపి తెచ్చారు. చాలాసేపు చూసి, మేస్త్రి ఎవరని అడిగింది. నేనే అన్నాను. ఇంకో ప్రశ్న అడిగింది. దానికీ జవాబు చెప్పాను. ఆ సంగతి తర్వాత.

వాలు నేనే కడతానన్నాను. ఈ వయసులో తాపీ పట్టుకుంటావా అని లోగనాయకి గొడవ చేసింది. నేను వింటానా? స్థలం కలిసొస్తుందని మొదట పదిహేను అడుగుల్లోనే కట్టేశాను. కంటికి బాగానే కనబడింది. సరే చూద్దామని తిలగం ఎవరినో అడిగి తెచ్చిన చక్రాల కుర్చీలో కూర్చుని ఎక్కాను. సగం దూరం పోయేసరికి ముందు చక్రాలు పైకి లేచాయి, నేను వెల్లకిలా పడ్డాను. లోగనాయకి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. వీపు నొప్పి రెండు రోజుల్లో పోయింది గాని, ఒక సంగతి మాత్రం పోలేదు. జీవితమంతా మెట్లు కట్టాను నటేశా, కుర్చీలో కూర్చుని మెట్టు వైపు చూడడం అదే మొదటిసారి. ఎంత ఎత్తుగా ఉంటుందిరా అది!

మర్నాడే పగలగొట్టి మళ్ళీ కట్టాను. ఇప్పుడు పదిహేను అడుగులు పోయాక ఒక మలుపు, అక్కడ ఐదడుగుల మట్టమైన చోటు, ఊపిరి తీసుకోవడానికి. తర్వాత ఇంకో పదిహేను. రెండు పక్కలా పట్టుకునేందుకు కమ్మీలు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు లాగాను, వానకు చక్రం జారదు. పది రోజులుగా సాయంత్రం పూట నేనే కుర్చీలో ఎక్కి దిగుతున్నాను. మొదట మలుపు దగ్గర చేతులు పట్టేసేవి, ఇప్పుడు ఆగకుండా పోతున్నాను. నీ చేతులు నావాటికంటే గట్టివి, నీకు లెక్కే కాదు.

దాని మీద మొదట పైకెక్కింది ఎవరో తెలుసా? సాంబారు! ఈ నెలలోనే, ఆవణి కడపటి ముహూర్తానికి ఒక పెళ్ళి జరిగింది. వంట చెల్లప్పన్ పెద్ద గుండిగను చక్రాల బండి మీద పెట్టి ఒక్కడే తోసుకుంటూ పైకి పోయాడు. ఎప్పుడూ నలుగురు కాళ్ళు కాలుతూ మోసేవాళ్ళు కదా! ఈ బుద్ధి ముందే ఉండకూడదా మేస్త్రీ అని అడిగాడు. ఆయన వెనకే పంకజం వదిన కమ్మీ పట్టుకుని ఎక్కింది, ముందు వరసలో కూర్చుంది, తాళి కట్టేటప్పుడు అందరికంటే ఎక్కువ అక్షింతలు ఆమే వేసింది.

ఇప్పుడు నిన్ను పిలుస్తున్నాను. నేను ఒక్కణ్ణే కాదు, సంఘం పిలుస్తోంది. రంగరాజన్ అన్న స్వయంగా విల్లియనూరు వస్తానంటే, ముందు నా ఉత్తరం పోనివ్వండి అన్నాను. అక్టోబరు రెండో తేదీ, గురువారం, విజయదశమి, పొద్దున పది గంటలకు. పళ్ళెంలో బియ్యం పోసి పిల్లల చేత మొదటి అక్షరం నువ్వే రాయించాలి. ఇరవై మూడు మంది పేర్లిచ్చారు. ఇరవై నాలుగోది రంగరాజన్ అన్న, ఇరవై ఐదోది లోగనాయకి! వాలు కింద ముగ్గు వేసేటప్పుడు చక్రాలకు దారి వదిలి రెండు పక్కలా వేస్తుందట. తెలుగు ఎందుకే నీకు ఈ వయసులో అంటే, మీరిద్దరూ ఇన్నాళ్ళుగా ఏం రాసుకుంటాండారో చదవాల అంది. కాబట్టి దాచుకున్నవేమైనా ఉంటే ఆమె గుణింతాలకు వచ్చేలోగా చెప్పేసుకోవాలి.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
వి. వీరాసామి

తా.క.: కయల్విళి మేడం నన్ను అడిగింది, విజి పెళ్ళి రోజు నువ్వు అడిగిన ప్రశ్నే, వాలు ఎందుకు కట్టలేదని. ఆ రోజు నీకు చెప్పింది అబద్ధం నటేశా. ప్లానులో వాలు ఉంది. ఇంజినీరు గీశాడు, ఇప్పుడు కట్టిన చోటే, ముప్పై అడుగులు, మలుపుతో సహా. అప్పటి కమిటీ కూడా సరేనంది. వద్దన్నది నేను. నటేశన్‌ని మోసేదానికి నేనుండాను కదా, ఇంత సిమెంటు దేనికి అని నేనే ఆపించాను. నిన్ను వీపు మీద ఎక్కించుకుని మండపంలోకి వస్తే అందరూ తిరిగి చూసేవాళ్ళు, వీరాసామి అంత మంచోడు లేడనేవాళ్ళు. ఆ మాట నాకు కావలసి వచ్చింది. నీ పాటికి నువ్వు వచ్చేస్తే నాతో నీకేం పని ఉంటుందని భయం కూడా వేసింది. మండపం కట్టి ఇరవై నాలుగేళ్ళు. అన్నేళ్ళూ నీ దారి మూసింది నేనే. ఆ జవాబు మేడం రాసుకుంది, కింద నేను సంతకం పెట్టాను. నీకు చెప్పడానికి మాత్రం ఇన్నాళ్ళు పట్టింది. నన్ను క్షమించరా.

రెండో తేదీ నువ్వు వస్తే నేను పైన, తలుపు దగ్గర ఉంటాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. నువ్వు పిలిస్తే తప్ప కిందికి దిగను.